తెల్లచుక్క నల్లి

మేమిద్దరం మొదటిసారి మాట్లాడుకున్నది డాబా మీద, రెండు పరుపుల మధ్య.

ఆ ఆదివారం నా పరుపు ఎండలో వేద్దామని మోసుకెళ్ళాను. అప్పటికే అక్కడొక పరుపు పరిచి, చీపురు పట్టుకుని ఒకమ్మాయి కాపలా కాస్తోంది. పక్క వాటాలో ఉండే గడియారాల మేస్త్రి కూతురు. తండ్రితో పాటు తనూ గడియారాలు బాగుచేస్తుందని విన్నాను.

"ఆగండాగండి! అక్కడ వెయ్యకండి. మీ నల్లులు మా పరుపులోకి ఎక్కుతాయి."

"మా నల్లులా? మీవే గోడ దాటి నా గదిలోకొస్తున్నాయి."

"మీరొచ్చి ఆర్నెల్లేగా. అంతకుముందు మాకు నల్లంటే ఏమిటో తెలీదు."

"నాకూ ఇక్కడికొచ్చాకే పరిచయం అయ్యాయి."

ఇంతలో వాన. చినుకులు కూడా కావు, ఏకంగా కుండపోత. ఇద్దరం పరుపులెత్తుకుని ఒకేసారి ఇరుకు మెట్ల మీదికి పరుగెత్తాం. పరుపులు అడ్డంగా ఇరుక్కున్నాయి. పైకీ పోలేం, కిందికీ పోలేం. పది నిమిషాలు అలాగే నిలబడి పోట్లాడుకున్నాం. అంత హాయిగా నేను ఎవరితోనూ పోట్లాడలేదు.

మధ్యాహ్నానికి ఇంటావిడ, నల్లులు నావేనని తీర్పు చెప్పేసింది. "పెళ్ళికాని కుర్రాడికి గది ఇవ్వడం నాదే బుద్ధి తక్కువ. ఒకటో తారీకుకల్లా ఖాళీ చేసెయ్ నాయనా."

పక్కనే నిలబడ్డ మేస్త్రి గంభీరంగా తలూపాడు.

మర్నాడు సాయంత్రం ఆ అమ్మాయే నా గుమ్మంలో ప్రత్యక్షమైంది. ఒక చేతిలో పింగాణీ పళ్ళెం, ఇంకో చేతిలో తండ్రి వాడే సన్నటి పట్టకారు.

"తప్పు మీదని తేలకుండా మిమ్మల్ని వెళ్ళగొట్టడం నాకు నచ్చలేదు. మీరు సైన్ బోర్డులు రాస్తారుగా? అన్నిటికన్నా సన్నటి బ్రష్ తీసుకురండి."

ప్లాన్ ఆమెదే. నా గదిలో దొరికిన నల్లులకి తెల్లచుక్క, వాళ్ళింట్లో దొరికిన వాటికి ఎర్రచుక్క పెట్టాలి. ఎక్కడివి అక్కడే వదిలెయ్యాలి. వారం తర్వాత ఎవరివి ఎవరింట్లో తేలతాయో చూడాలి. చేతికి చిక్కిన నల్లిని చంపకుండా, ముస్తాబు చేసి మళ్ళీ మంచంలో వదిలిపెట్టిన ప్రబుద్ధులు లోకంలో మేమిద్దరమే అయ్యుంటాం.

వరండాలో, ఇంటావిడ కళ్ళెదుటే కూర్చున్నాం. ఆమె కంటికి భూతద్దం బిగించుకుని, పట్టకారుతో నల్లిని నలగకుండా పట్టుకుంది. నేను బ్రష్ ముంచి వంగాను. ఆమె కూడా వంగింది. తలంటుకున్న జడ ఇంకా ఆరలేదు. చుక్క పెట్టబోతే పెద్ద బొట్టే పడింది. పాపం, ఆ మొదటి నల్లి రంగులో మునిగి అక్కడే ప్రాణం వదిలింది.

"ఇంత పెద్ద పెద్ద బోర్డులు రాస్తారు, ఆ చెయ్యి వణికిందేం?"

"రంగు పల్చనైంది," అన్నాను.

ఆమె ఆ నల్లిని మాత్రం పారెయ్యకుండా ఒక ఖాళీ అగ్గిపెట్టెలో వేసుకుంది.

వారం గడిచింది. నా మంచంలో ఎర్రచుక్కలవి అయిదు దొరికాయి. వాళ్ళింట్లో తెల్లచుక్కది ఒక్కటీ లేదు. అంటే నేను గెలిచాను, గది నిలబడుతుంది. కానీ నిజం చెబితే మేస్త్రి తలెత్తుకోలేడు. రిపేరుకని ఊళ్ళోవాళ్ళు ఇచ్చిన పాత గోడ గడియారాలన్నీ ఆయన మా ఉమ్మడి గోడకే తగిలించేవాడు. నల్లులున్న ఇంటికి గడియారం ఎవరిస్తారు?

"నా మంచంలో దొరికినవన్నీ తెల్లవే, మీవి ఒక్కటీ లేదు," అన్నాను. "తప్పు నాదే. ఖాళీ చేస్తాను."

ఆమె నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"నేను పన్నెండు వదిలాను. మా ఇంట్లో ఏడే ఉన్నాయి. మిగతా అయిదూ ఏమైనట్టు? అద్దె ఎక్కువైందని వేరే వాటా చూసుకున్నాయా?"

నేను గోడకేసి చూశాను. ఆమె కూడా అటే చూసింది. మరుక్షణం వాళ్ళింట్లోకి వెళ్ళి, అన్నిటికన్నా పాత గడియారం దింపి వెనక చెక్క విప్పింది. నల్లుల పుట్ట పుట్టంతా అక్కడే ఉంది.

ఆమె దాచలేదు. తండ్రికీ ఇంటావిడకీ ఉన్నదున్నట్టు చెప్పింది. మేస్త్రి నా గుమ్మం దాకా వచ్చాడు.

"నా పరువు కోసం నువ్వు గది వదులుకుంటావుటోయ్?"

నేను గబగబా కుర్చీ లాగి వేశాను.

"సరే. రేపు సెలవు పెట్టు. గడియారాలు దింపాలి."

ఆ నెలంతా నాకు పండగే. గడియారాల పెట్టెలన్నీ ఎండబెట్టాం. మంచాల సందుల్లో సలసల కాగే నీళ్ళు పోశాం. గోడ పగుళ్ళకి సిమెంటు మెత్తాం. ఆమె పాట పాడుతుంటే నేను బకెట్లు మోశాను. చివరికి ఒక్క నల్లీ మిగల్లేదు. ఆమె నా గుమ్మంలోకి రావడానికి కారణమూ మిగల్లేదు. నల్లులు లేవని బెంగ పెట్టుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను.

పది రోజుల తర్వాత తలుపు చప్పుడైంది.

"ఇంకొకటి దొరికింది," అంటూ అగ్గిపెట్టె చాపింది.

తెరిచాను. ఎండిపోయిన నల్లి, వీపంతా తెల్లరంగు.

"ఇది ఆ మొదటిది కదండీ!"

"అవును. ఇప్పుడు నిజం చెప్పండి. ఆ రోజు చెయ్యి ఎందుకు వణికింది?"

"మీరు దగ్గరగా ఉన్నారు. అందుకని."

ఆమె ముఖం ఎర్రబడింది. పక్క వాటాలోంచి మేస్త్రి గొంతు వినబడింది.

"గట్టిగా చెప్పవోయ్! ఈ గడియారాల చప్పుడులో నాకు సరిగ్గా వినబళ్ళేదు. మూడ్రోజులుగా ఆ అగ్గిపెట్టె పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి తిరిగొస్తోంది మా అమ్మాయి."

మావగారు ఇప్పుడు లేరు. ఆ ఇల్లూ లేదు. అగ్గిపెట్టె మాత్రం మా బీరువాలో భద్రంగా ఉంది. వయసు మీదపడి నా చెయ్యి నిజంగానే వణుకుతోంది, బోర్డులు రాయడం మానేశాను. కాఫీ కప్పు అందుకునేటప్పుడు సాసరు గలగలమంటే ఆమె కళ్ళజోడు పైనుంచి చూస్తుంది.

"ఇప్పుడెందుకు వణికింది?"

నలభై ఏళ్ళుగా ఆమెను నువ్వనే పిలుస్తున్నాను. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం ఆనాటి జవాబే చెబుతాను.

"మీరు దగ్గరగా ఉన్నారు. అందుకని."