సగం తాకా

సెలవు నాడు సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగిపోతేనే వలస నేతగాళ్ల లింబాయత్ గల్లీల్లో మనుషుల గొంతులు వినిపిస్తాయి. ఆ మధ్యాహ్నం ఎక్కడో కుక్కర్ కూసింది, ఎవరో పిల్లను కసురుకున్నారు. సాంచాల మోతలో పుట్టి పెరిగిన గణపతికి ఆ నిశ్శబ్దమే పడదు.

ఇప్పుడతను పేరున్న దర్శకుడు. తన కథలు తనే రాసుకుంటాడు. మూడు సినిమాలు తీస్తే మూడింటికీ అవార్డులొచ్చాయి. ఊళ్లు వేరు, మనుషులు వేరు, కానీ మూడింటిలోనూ ఒక అన్న కరెంటు కొట్టి సాంచా మీద వాలిపోతాడు. గణపతి అన్న రఘుపతి అట్లాగే పోయాడు, ఈ గల్లీలోని కార్ఖానాలోనే, తమ్ముడి సినిమా చదువు కోసం పగలూ రాత్రీ రెండు పాళీలు నేస్తూ.

తల్లి చిన్నవ్వ ఆ సినిమాల్లో ఒక్కటీ చూడలేదు. పిలిచినప్పుడల్లా ఒకటే మాట.

"నీ సిన్మాలల్ల వాడు మూడుమాట్ల సచ్చిండటగద. నేను ఒక్కమాటు చూసిన బిడ్డా. సాలు."

అందుకే నాలుగోది వేరుగా రాశాడు. అందులో అన్న చావడు. చివర సాంచా ఆపి, చేతులు తుడుచుకుని, తలుపు తీసుకుని ఎండలోకి నడిచిపోతాడు. ఆ నడకను అవ్వ చూస్తే చాలు, లోకం చూడకపోయినా సరే అనుకున్నాడు. సంగతి ఆమెకు చెప్పాడు.

"ఎట్ల బతుకుతడు?" అని మాత్రం అడిగింది. వస్తానంది, కానీ వాడు పోయిన చోటనే చూస్తానంది.

కార్ఖానా నడిపే ఆగయ్య తాళం తీశాడు.

"ఇన్ని అవార్డులు కొట్టినోనికి ఏసీ టాకీసు దొరకలేదా అల్లుడా? మెయిన్ తీసేసిన, కరెంటు లేదు మల్ల."

"ప్రొజెక్టర్‌కు బ్యాటరీ ఉంది మామా."

ఆయన నవ్వుకుంటూ చాయ్ తాగడానికి పోయాడు.

తెర కోసం గణపతి తల్లి పెట్టెలోంచి అన్న నేసిన చివరి తాకా తెచ్చాడు. తాకా అంటే సాంచా మీంచి కోసి దించే నిండు గుడ్డ. ఇది నిండలేదు. నేసేవాడు పోతే ఇంకొకరు కూర్చుని పూర్తి చేశాకే కోయాలని వాళ్లలో ఒక పట్టింపు. రఘుపతిది పూర్తి చేయడానికి ఎవరికీ చేయి రాలేదు, సగంలోనే కోసేశారు.

"సగం గుడ్డను కట్టొద్దంటరు బిడ్డా," అంది చిన్నవ్వ.

"కట్టుకునేటందుకు కాదవ్వా. జరసేపు తెర."

ఆమె దగ్గరికొచ్చి కొడుకు కొత్త నీలం చొక్కా చేతిని మణికట్టు దాకా లాగి సవరించి, స్టూలు మీద కూర్చుంది. గణపతి గుడ్డను తెరగా కట్టి, ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు తగిలించి, షట్టర్ దించాడు.

చీకట్లో నూనె వాసన, నూలు దుమ్ము వాసన. తెర మీద అన్న వేషం వేసిన కుర్రాడు నవ్వాడు, తిన్నాడు, తమ్ముణ్ణి రైలెక్కించాడు. చిన్నవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ చూసింది. చివరి సీను వచ్చింది. కుర్రాడు సాంచా ఆపాలి.

ఆపలేదు.

తెగిన పోగు అందుకుని నాలుకతో తడిపాడు... ముడి వేశాడు.

"వీనికి గా ముడి ఎవరు చెప్పిండ్రు?" తల్లి గొంతు గుసగుసగా వచ్చింది. "రఘుపతి ఒక్కడే గట్ల చేస్తుండె."

గణపతి ఏ సినిమాలోనూ అది రాయలేదు. అసలు మరిచేపోయాడు.

ల్యాప్‌టాప్ వైపు చూశాడు. అందులో సినిమా అయిపోయింది. తెరిచిన తలుపు, ఎండ, పేర్లు. గుడ్డ మీద మాత్రం ఒక వీపు వంగి నేస్తూనే ఉంది. బటన్ నొక్కాడు. ప్రొజెక్టర్ ఆరింది.

గుడ్డ మీది బొమ్మ ఆరలేదు.

మోత... స్పీకర్లోంచి కాదు. వెనక, మూలనున్న అన్న సాంచా దగ్గర్నుంచి. వెంట్రుకలు కమిలిన వాసన... గణపతి తల తిప్పలేకపోయాడు.

"రఘుపతీ," అంది చిన్నవ్వ మెల్లగా, నిద్రపోయే పిల్లవాణ్ణి పిలిచినట్టు. "సాలు బిడ్డా. అలిసిపోయినవ్. లే."

వీపు కదలలేదు.

"ఎందుకు లేస్తలేడవ్వా?"

"నువ్వు ఇంకోటి రాస్తవని కూసున్నడు."

 అన్న లేకుండా గణపతికి ఏ కథా లేదు. ఆ సంగతి ఇన్నాళ్లూ తనకు తానే చెప్పుకోలేదు.

"రాయను, అన్నా," అన్నాడు. "ఇగ రాయను."

మోత ఆగింది. గుడ్డ మామూలు గుడ్డయింది.

షట్టర్ ఎత్తితే వెలుగు పడింది. చిన్నవ్వ ముఖం తుడుచుకుని, గుడ్డను దించి మడవసాగింది. అంచు దగ్గర ఆమె చేతులు ఆగాయి. ఎప్పుడో కత్తెరతో కోసిన చోట, జానెడు కొత్త నేత. ఇంకా వెచ్చగా ఉంది. తాకా అంతా తెలుపు. ఆ జానెడు మాత్రం నీలం.

గణపతి తన కుడిచేయి చూసుకున్నాడు. మణికట్టు దాకా ఉండాల్సిన చొక్కా చేయి మోచేతి దగ్గరే అయిపోయింది. అక్కణ్నుంచి ఒక్క నీలం పోగు ఊడి గుడ్డ దాకా పోయి ఉంది.

వాళ్లు చూస్తుండగానే ఆ పోగు అతని చేయిని గుడ్డ వైపు లాగుతూ మెల్లగా బిగిసింది.