తిరిగొచ్చిన ఔను

మూడోసారి కూడా మెయిల్ తిరిగొచ్చేసరికి విజయశ్రీకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది.

"ఏందిది? పంపిన నిమిషంల మల్ల నా మొకానే కొడ్తుంది!" అని కీబోర్డు మీద ఒక్కటిచ్చింది.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఆమె తండ్రి గుండయ్యకి పోచంపల్లి చీరల షాపు ఉంది. ఆ రోజుల్లో తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సుల్లేవు, బళ్లు లేవు, షాపుల షట్టర్లన్నీ దించే ఉన్నాయి. చీకటి షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని, రాక రాక వచ్చిన ధైర్యంతో ఆ పిల్ల పంపిన మెయిల్‌లో ఉన్నది ఒకే ఒక్క మాట. "ఔను." అదే తిరిగొస్తోంది. మండదూ మరి!

ఆ 'ఔను' వెళ్లాల్సింది రవితేజకి. ఎల్బీనగర్‌లో ఉంటాడు, మందుల కంపెనీలో ఉద్యోగం. వాళ్లది కృష్ణా జిల్లా. ఏడాది కిందట వాళ్లమ్మ కొన్న చీర రంగు వదిలిందని షాపుకొచ్చి కౌంటర్ మీద చీర పరిచి గొడవ పెట్టుకున్నాడు.

"సర్ఫుల నానబెట్టింది మీరు, నింద మాకా?" అని విజయశ్రీ కయ్యిమంది.

"నానబెట్టొద్దని చీర మీద రాసుందా అండీ?" అన్నాడతను.

"అన్నం ముద్ద నోట్లనే పెట్టుకోవాలని గిన్నె మీద రాస్తరా?"

అతనికి నవ్వాగలేదు. ఇంటికెళ్లి షాపు మెయిల్‌కి ఫిర్యాదు రాశాడు. ఈమె జవాబు రాసింది. అతను దానికి జవాబు రాశాడు. నెల తిరిగేసరికి ఫిర్యాదు ఎటో పోయింది, కబుర్లు మిగిలాయి. ఫోన్లు కూడా మొదలుపెట్టారుగానీ అవి అచ్చిరాలేదు. ఈ ఇంట్లో ఒక టీవీ చానల్, ఆ ఇంట్లో ఇంకో చానల్. ఫోన్ ఎత్తగానే వెనక నుంచి ఎవరో ఒక నాయకుడు అరుస్తాడు, ఇక్కడ వీళ్లిద్దరూ తెలంగాణ, సమైక్యాంధ్ర అంటూ మొదలుపెడతారు. చివరికి ఒక ఒప్పందానికొచ్చారు. ఫోన్‌లో కొట్టుకోవడమే అవుతోంది కాబట్టి ముఖ్యమైనవన్నీ మెయిల్‌లోనే.

అందుకే అతను పెళ్లి మాట కూడా మెయిల్‌లోనే అడిగాడు. "శ్రీ, కంపెనీ నన్ను విజయవాడ వెళ్తావా అని అడుగుతోంది. వెళ్లమని నాన్న పట్టుబట్టి కూర్చున్నారు. నన్ను పెళ్లి చేసుకుంటానంటే ఇక్కణ్నించి కదలను. శుక్రవారం సాయంత్రంలోగా కంపెనీకి చెప్పాలి. నువ్వు రాయకపోతే అర్థం చేసుకుంటాను, మళ్లీ అడిగి విసిగించను."

అదీ సంగతి. ఇవాళ గురువారం. ఇతగాడేమో ఎదురుచూస్తుంటాడు, ఈమె ఔనేమో గడప దాటట్లేదు.

విజయశ్రీ ఊరుకునే రకం కాదు. మొదట, జత చేసిన కొత్త చీర ఫోటో బరువైందేమోనని తీసేసి పంపింది. తిరిగొచ్చింది. 'ఔను' పక్కన సంతోషం పట్టలేక పెట్టిన అరడజను ఆశ్చర్యార్థకాల వల్లేమోనని అవీ చెరిపేసింది. అదీ తిరిగొచ్చింది. ఇక లాభం లేదని పెదనాన్న కూతురు ప్రసన్నలక్ష్మిని పిలిచింది. ఆమెకి కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం.

ప్రసన్నలక్ష్మి తిరిగొచ్చిన మెయిల్‌ని కిందిదాకా చదివి, నెమ్మదిగా చెల్లెలి మొహం చూసింది.

"చెప్పక్కా. ఏం పరేషాన్ ఉన్నది అండ్ల?"

"లైన్ తప్పు గాదే, మన కంప్యూటర్ తప్పు గాదు. గీ అడ్రస్‌ను స్పామ్ అని బ్లాక్ జేసిండ్రు."

"ఎవలు?"

"అవతలోళ్లే. ఆ మెయిల్ ఎవలదో ఆల్లు."

విజయశ్రీ తెర తనవైపు తిప్పుకుని చూసింది. అతనే అడిగి, అతనే తలుపేసుకున్నాడా? ప్రసన్నలక్ష్మి జాలిపడి అక్కడికక్కడే ఇంకో కొత్త అడ్రస్ తయారుచేసి దాంట్లోంచి పంపింది. ఈసారి మెయిల్ తిరిగి రాలేదు. హమ్మయ్య అనుకున్నారు. కానీ జవాబూ రాలేదు. తెల్లారి శుక్రవారం, అప్పటికీ రాలేదు.

"కొత్త అడ్రస్ గదా, చెత్తబుట్టల వడ్డదేమో. ఫోన్ జెయ్యరాదూ?" అంది ప్రసన్నలక్ష్మి.

"ఫోన్ల ఏమన్న జెప్తడు. బ్లాక్ జేసినోడు నా మొకం జూసి చెప్పాలె, ఎందుకు జేసిండో."

"బంద్ గదనే! ఎట్ల పోతవ్?"

"కాళ్లున్నయి గదా!"

తిరిగొచ్చిన మెయిల్‌ని ప్రింట్ తీసి, మడిచి, బ్యాగులో పెట్టుకుని బయల్దేరింది. మెయిన్ రోడ్డు మీద తెలిసినవాళ్లు కనిపిస్తే సవాలక్ష ప్రశ్నలు వేస్తారని గల్లీల్లోంచి నడిచింది. దారిలో ఆగీ ఆగీ తుంపర. గొడుగు తెచ్చుకోలేదు. తెచ్చుకునే ఓపిక ఆ కోపంలో ఎక్కడిది? 'బ్లాక్ జేస్తవా నన్ను? నేనేమన్న లాటరీ మెయిల్‌నా?' అని తనలో తనే తిట్టుకుంటూ ఎల్బీనగర్‌లో వాళ్ల అపార్ట్‌మెంట్ మెట్లెక్కి బెల్ కొట్టింది.

తలుపు తీసింది రవితేజ తల్లి సూర్యప్రభ. గుమ్మంలో తడిసిన పిల్లని చూసి గుర్తుపట్టింది.

"అరె, చీరల షాపు అమ్మాయివి కదూ? తడిసిపోయావేంటమ్మా? లోపలికి రా!"

"రవితేజ ఉన్నడా ఆంటీ?"

ఉన్నాడు. హాల్లో ల్యాప్‌టాప్ ముందు గడ్డం మాసిపోయి కూర్చున్నాడు. పక్క కుర్చీలో అతని తండ్రి రామమోహనరావు, రిటైరైన గవర్నమెంటు ఉద్యోగి. విజయవాడ వెళ్తానని కొడుకుతో కంపెనీకి ఉత్తరం రాయిస్తున్నాడు. విజయశ్రీని చూడగానే రవితేజ లేచి నిలబడ్డాడు. ఆ కళ్లల్లో ఒక్క క్షణం సంతోషం మెరిసి, వెంటనే రోషం కమ్మేసింది.

"ఇప్పుడొచ్చావా? ఇన్ని రోజులు ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాలేదా?"

"రాయలేదా! నేనా!" ప్రింట్ తీసి టేబుల్ మీద కొట్టింది. "బ్లాక్ జేసి కూసున్నది నువ్వు, మల్ల నన్నే అడుగుతున్నవా?"

"నేను నిన్ను బ్లాక్ చేయడమేంటి? నీకేమైనా పిచ్చా శ్రీ?"

"పిచ్చి నాకు లేదు. చదువు. అండ్ల నీ పేరే ఉన్నది."

చదివాడు. మొహం పాలిపోయింది. గబగబా ల్యాప్‌టాప్‌లో ఏవేవో నొక్కాడు. బ్లాక్ చేసిన అడ్రస్‌లు తెరిచాడు. అక్కడ ఒకే ఒక్క అడ్రస్ ఉంది, విజయశ్రీ వాళ్ల షాపుది.

"ఒట్టు శ్రీ, నేను కాదు. అసలు దీన్నెవరు..."

"నేనే చేశాను," అన్నాడు రామమోహనరావు.

ముగ్గురూ ఆయన వంక తిరిగారు. పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, కొడుకు మొహం చూడలేక నేల చూశాడు.

"వారం కిందట పొద్దున్నే పేపర్ చదువుదామని నీ ల్యాప్‌టాప్ తీస్తే ఒక మెయిల్ కనపడింది. నిన్ను ఎవడో బెదిరిస్తున్నాడురా. నీకు చెబితే తేలిగ్గా తీసుకుంటావని చెప్పలేదు. బ్లాక్ చేసి, ఈ ఊరొదిలి పోదామని పోరుతున్నాను."

"బెదిరింపా? ఏది నాన్నా?"

ఆయన వేలితో చూపించాడు. విజయశ్రీ ముందుకి వంగి పైకే చదివింది.

"'రేపు బంద్. ముంగట ఎవ్వలు కనవడొద్దు. పదింటికి ఎనక గల్లికి రాండ్రి. గుంపుగ రావద్దు, ఒక్కరే రాండ్రి. ఎవ్వలకి చెప్పొద్దు. జై తెలంగాణ.'"

చదవడం పూర్తయ్యేసరికి ఆమె పెదాలు అదురుతున్నాయి. ఏడుస్తోందనుకున్నాడు రవితేజ. కాదు, నవ్వాపుకోలేక చస్తోంది.

"అయ్యో అంకుల్! ఇది మా నాయిన రాసిండు!"

"మీ నాన్న మావాణ్ని ఎందుకమ్మా బెదిరించడం?"

"బెదిరించుడు కాదంకుల్, చీరలమ్ముడు! బంద్ నాడు ముంగట షట్టర్ దించుతడు. ఉద్యమానికి ద్రోహం జెయ్యడు గదా! మరి పెండ్లిళ్ల గిరాకి పోవద్దు గదా! అందుకే ఎనక తలుపు తీస్తడు. చీరలని రాస్తే, షాపు పేరు రాస్తే ఉద్యమంల దోస్తులు దొరకవడ్తరని గిట్ల రాసి, మా తాన అడ్రస్ ఉన్న గిరాకులందరికి కొడ్తడు."

సూర్యప్రభ నెత్తి కొట్టుకుంది. "ఏవండీ! మొన్న మా అక్క కూతురి పెళ్లికి చీరలు నేను ఆ వెనక గల్లిలోంచే కదండీ తెచ్చాను! మంచినీళ్లిచ్చి, సగం దూరం సంచీ మోసుకొచ్చారు ఈ అమ్మాయి నాన్నగారు!"

రామమోహనరావు కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నాడు. మెల్లగా అన్నాడు, "నవ్వుకోండి. నాకు మాత్రం రాత్రిళ్లు నిద్ర పట్టలేదు. టీవీ పెడితే పొమ్మనే మాటలే. ఇరవయ్యేళ్లు ఈ ఊళ్లో ఉద్యోగం చేశాను, ఇల్లు కొనుక్కున్నాను. ఉన్నట్టుండి ఇది నా ఊరు కాదేమో అనిపించింది. ఆ భయంలో ఏది చదివినా బెదిరింపులాగే కనపడింది తల్లీ."

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. విజయశ్రీకి ఈ పెద్దమనిషి మీద కోపం తెచ్చుకుందామన్నా రావట్లేదు.

"అమ్మాయ్, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు," అన్నాడాయన. "నువ్వూ తెలంగాణ రావాలనేదానివేనా?"

రవితేజ కంగారుపడ్డాడు. "నాన్నా, ఇప్పుడవన్నీ ఎందుకు..."

"ఆగు," అంది విజయశ్రీ. పెద్దాయనకి ఎదురుగా నిలబడింది. "రావాలె అంకుల్. నా చిన్నప్పటి సంది మా ఇంట్ల అదే మాట. రావాలనే అంట. మీరు పోవద్దని గూడ అంట. మీరు ఈడనే ఉండాలె, మీ కొడుకు ఈడనే ఉండాలె. నాకు రెండూ గావాలె. ఒకటి తీస్కోని ఒకటి ఇడిసిపెట్టమంటే ఇడవ."

తర్వాత రవితేజ వైపు తిరిగింది. చెంపలు ఎర్రబడ్డాయి గానీ చూపు మాత్రం దించలేదు.

"నువ్వడిగినదానికి జవాబు మూడుసార్లు పంపిన, మూడుసార్లు తిరిగొచ్చింది. ఇగ మోసుకొచ్చిన. ఔను. చేసుకుంట."

రవితేజకి తల్లిదండ్రులు పక్కనే ఉన్నారన్న సంగతే గుర్తులేదు. "ఇంకోసారి చెప్పవా?" అన్నాడు.

"చెప్ప. రిసీవ్ అయింది గదా!"

అతను నవ్వుతూ కూర్చుని, తండ్రి రాయించిన ఉత్తరం మొత్తం చెరిపేసి, విజయవాడ వెళ్లనని కంపెనీకి రాసి, తండ్రి వైపు చూశాడు. పంపించే మీట మీద వేలు ఆగి ఉంది. రామమోహనరావు చాలాసేపు ఆ తెర వంకే చూశాడు. "పంపు," అన్నాడు చివరికి. తర్వాత లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఎక్కడికండీ?" అంది సూర్యప్రభ.

"ఈ పిల్ల ఒంటరిగా తడుస్తూ మనింటికొచ్చి మాటిచ్చింది. మనం వాళ్లింటికెళ్లి అడగొద్దూ? మీ నాన్నగారు ఇంట్లో ఉంటారా అమ్మా?"

"ఇయ్యాల ఇంట్ల ఉండడు మామయ్యా. కొత్తపేట రోడ్డు మీద వంట-వార్పు ఉన్నది, అమ్మా నాయినా ఇద్దరు ఆడనే ఉంటరు."

అంకుల్ ఎప్పుడు మామయ్య అయ్యాడో ఆమెకీ తెలీదు. పెద్దాయన మాత్రం గమనించాడు.

నలుగురూ నడిచారు. రోజూ లారీలతో హోరెత్తే విజయవాడ హైవే ఆ రోజు ఖాళీగా ఉంది. కొత్తపేట దగ్గరికొచ్చేసరికి జనం, జెండాలు, నినాదాలు. రోడ్డు మధ్యలో రాళ్లు పేర్చి పొయ్యిలు, వాటి మీద గుండిగలు. రోడ్డు మీదే వండుకుని, వచ్చిపోయేవాళ్లందరికీ వడ్డించడం ఆ సమ్మెలో నిరసన తెలిపే పద్ధతి. రామమోహనరావు అడుగులు నెమ్మదించాయి.

"నా పక్కన నడువుండ్రి మామయ్యా," అని విజయశ్రీ ఆయన చెయ్యి పట్టుకుంది.

ఎవరో కుర్రాళ్లు అడ్డమొచ్చారు. "సార్, అమ్మా, తినకుంట పోనియ్యం. కూసోండ్రి!" అని నలుగురినీ బంతిలో కూర్చోబెట్టి విస్తళ్లేశారు. అన్నం పడింది. వెనకే పప్పుచారు బకెట్‌తో వచ్చాడు గుండయ్య. మెడలో కండువా, నుదుట చెమట. కూతుర్ని చూసి గరిటె ఆపాడు.

"నువ్వీడున్నవేంది బిడ్డా? వీళ్లెవరు?"

విజయశ్రీ లేచి నిలబడింది. తండ్రి కళ్లల్లోకే చూసింది.

"నాయినా, ఈయన రవితేజ. చేసుకుంటనని మాటిచ్చిన. వీళ్లు ఆయన అమ్మానాయిన. నిన్ను అడగనీకే నడుసుకుంట ఒచ్చిండ్రు."

బంతి మొత్తం చెవులు రిక్కించింది.

"ఏ ఊరోళ్లు?"

"కృష్ణా జిల్లా అండీ," అన్నాడు రామమోహనరావు. "ఇరవయ్యేళ్లుగా ఎల్బీనగర్."

గుండయ్య కూతురి వైపు తిరిగాడు. "నాకు చెప్పకుంటనే మాటిచ్చినవా?"

"ఇచ్చిన. తప్పయితే తిట్టు, పడ్త. మాట మాత్రం తిప్పుకోను నాయినా."

గుండయ్య రవితేజని ఎగాదిగా చూశాడు. సూర్యప్రభ గుర్తొచ్చినట్టుంది, తల ఊపాడు. ఆ తర్వాత రామమోహనరావు దగ్గర చూపు ఆగింది. ఆ పెద్దాయన నడి రోడ్డు మీద, జెండాల మధ్య, విస్తరి ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉన్నాడు. కాస్త భయంగానే ఉన్నాడు, లేచిపోలేదు. విస్తట్లో ఉత్త అన్నం చల్లారిపోతోంది.

"అన్నం వడ్డించారు," అన్నాడు రామమోహనరావు విస్తరి కొంచెం ముందుకి జరుపుతూ. "పప్పుచారు మాత్రం మీ చేతిలోనే ఉండిపోయింది, బావగారూ."

గుండయ్య కళ్లు గబుక్కున చెమర్చాయి. కండువా కొసతో తుడుచుకుని, పొయ్యిల దగ్గరున్న భార్య వైపు తిరిగి గట్టిగా కేకేశాడు.

"రాధమ్మా! జర జల్ది రా! మనోళ్లొచ్చిండ్రు!"

తర్వాత వంగి, వియ్యంకుడి విస్తట్లో అన్నం మీద గరిటెడు పప్పుచారు పోశాడు.