ఇల్డా చూడని తిమింగలం

ఇల్డా గొంతు నేను మొదటిసారి విన్నది తిట్టు రూపంలోనే.

అట్లాంటిక్ నడిమధ్య పోర్చుగల్ వాళ్ళ పీకు దీవిలో పడవ నడపడం నాకది మొదటి రోజు. సెలవులకు వచ్చినవాళ్ళను ఎక్కించుకుని తిమింగలాలు చూపించి తీసుకురావడం పని. అవి ఎక్కడున్నాయో పడవలోంచి తెలియదు. కొండ కొమ్మున ఉన్న కావలి గదిలోంచి ఒకరు బైనాక్యులర్స్‌తో సముద్రమంతా గాలించి, ఎటు పోవాలో రేడియోలో చెబుతారు. ఆ రోజు తిమింగలం కనబడగానే ఉత్సాహం పట్టలేక పడవను నేరుగా దాని మీదికి పోనిచ్చాను.

"ఎర్ర పడవా, అదేం నీ మేనమామ కాదు కావలించుకోడానికి. వెనక్కి రా," అంది రేడియో.

ఆ రేడియో అన్ని పడవలకూ, రేవులో కాఫీ కొట్టుకూ, ఊళ్ళో సగం వంటిళ్ళకూ వినబడుతుంది, ఎక్కణ్ణించైనా అందులో మాట్లాడొచ్చు కూడా. సాయంత్రం రొట్టెల దుకాణంలో ముసలమ్మ కూడా, ఏం లీనో, మీ మేనమామ కులాసాయేనా అని అడిగింది. ఒళ్ళు మండి, ఆ గొంతుగలావిడను కడిగేద్దామని కొండెక్కాను.

కావలి గదిలో ఒకమ్మాయి జున్ను పెట్టిన రొట్టె తింటోంది. రోజంతా బైనాక్యులర్స్ ఒత్తుకుని కళ్ళ చుట్టూ ఎర్రటి గుండ్రాలు పడ్డాయి. ఆ గుండ్రాల మధ్య కళ్ళు నా వైపు తిరిగేసరికి, తెచ్చుకున్న మాటలన్నీ మర్చిపోయాను. దెబ్బలాటకు వెళ్ళినవాణ్ణి ఆమె తుంచి ఇచ్చిన సగం రొట్టె తిని దిగి వచ్చాను.

ఆ కావలి కుర్చీ వాళ్ళ నాన్నదట. ఆ పనిలో మేస్త్రి సిల్వీనో అంటే తెలియనివాళ్ళు లేరు. ఆయన కళ్ళకు మసక కమ్మాక ఈ ఏడే కూతురు కూర్చుంది. పడవల యజమానురాలు దోనా ఎర్మీనియాకు ఆడపిల్ల మీద గురి కుదరలేదు, ఒక్క తిమింగలం తప్పిపోయినా వేరేవాళ్ళను పెడతానని ముందే చెప్పింది. ఆ కుర్చీ పోతే నాన్న మొహం ఎలా చూడనని ఇల్డా భయం.

వేసవంతా ఆమె చెప్పినవైపే పడవ తిప్పాను. గాలి ఎటుందని నేను అడిగేవాణ్ణి, నీ మూతి ఎటుంటే అటేనని ఆమె అనేది. సాయంత్రాలు ఏదో ఒక వంకతో కొండెక్కేవాణ్ణి. పెద్ద అలలకు జంకనివాణ్ణి, ఆ ఒక్క మాట చెప్పడానికి మాత్రం నోరు పెగలలేదు.

ఒకరోజు లిస్బన్ నుంచి సెలవులకు వచ్చిన మఫాల్దా అనే అమ్మాయి, కాసేపు స్టీరింగ్ పట్టుకోనిమ్మని అడిగింది. సరేనని, చేతి పక్కన చెయ్యి వేసి చూపిస్తున్నాను. ఆమె నవ్వింది, నేనూ నవ్వాను. రేడియోలో చడీచప్పుడూ లేదు.

అంతలో మా వెనకే నీళ్ళు చిమ్మిన చప్పుడైంది. ఇంత పెద్ద తిమింగలం తీరిగ్గా ఊపిరి పీల్చుకుని, తోకెత్తి, మునిగిపోయింది. పక్క పడవవాడు, కావలి గదిలో కునుకు తీస్తున్నారా అని రేడియోలో ఎకసెక్కమాడాడు. ఆ వెంటనే రేవులోంచి దోనా ఎర్మీనియా గొంతు వినబడింది.

"ఇల్డా, అంత దగ్గర లేస్తే ఎందుకు చెప్పలేదు?"

ఇల్డా కుర్చీ పోతుందనిపించింది. మైకు లాక్కున్నాను.

"చెప్పిందండీ. నేనే రేడియో తగ్గించి పెట్టుకున్నా."

అన్ని రేడియోలూ తెరిచే ఉన్నాయి కాబట్టి అది అబద్ధమని అందరికీ తెలుసు. అయినా దాన్ని కాదన్నది ఇల్డా ఒక్కతే. కావలి గదిలో కూర్చున్న మనిషి చూసింది చూసినట్టు చెప్పాలి, అక్కడ ఇంకోమాట చెల్లదు.

"లీనో అబద్ధం చెప్తున్నాడు. నేను చెప్పలేదు. అసలు చూడనేలేదు."

"మరి ఏం చూస్తున్నావు?"

"ఎర్ర పడవని. స్టీరింగ్ మీద ఇంకో చెయ్యి ఉంది. ఎవరిదా అని చూస్తున్నా. గోళ్ళకి రంగు కూడా ఉంది. ఈ వేసవంతా నేను సముద్రం కన్నా అతన్నే ఎక్కువ చూశాను. మీరు వేరేవాళ్ళని పెట్టుకోండి."

అప్పుడు ఏదో వంటింట్లోంచి, వెనక గిన్నెల చప్పుడుతో, ముసలి గొంతొకటి లేచింది. మేస్త్రి సిల్వీనో.

"ఎర్మీనియా, కొండ మీంచి పడవలో చేతి గోళ్ళ రంగు పోల్చే కళ్ళు ఇంకెవరికన్నా ఉన్నాయేమో చూడు. ఉంటే వాళ్ళనే పెట్టుకో. మా అమ్మాయి చూపుకేం ఢోకా లేదు. ఆ కుర్రాణ్ణి కట్టబెడితే అదే సముద్రం మీదికి మళ్ళుతుంది."

కాఫీ కొట్టులో నవ్వులు రేడియో దాకా వచ్చాయి. దోనా ఎర్మీనియా నవ్వు ఆపుకుంటూ, రేపటి నుంచి ఇల్డా చూపు కుదురుగా ఉండాలనీ, ఆ పూచీ లీనోదేననీ అంది.

ఊరంతా వింటోందని తెలుసు. ఇన్నాళ్ళూ పెగలని నోరు అప్పుడు పెగిలింది.

"ఇల్డా, నువ్వంటే నాకు ప్రాణం. ఇవాళ ఏ వంకా లేకుండా పైకి రానా?"

రేడియోలో ముక్కు ఎగబీల్చుకున్న చప్పుడు.

"ముందు ఆవిడ చేతిలోంచి స్టీరింగ్ తీసుకో. పడమటికి తిప్పు, అక్కడ తల్లీ పిల్లా ఉన్నాయి. పడవలో వాళ్ళకి తీరిగ్గా చూపించి, అప్పుడు రా. నేనెక్కడికీ పోను."