మూలలున్న రొట్టె

"ఈ రొట్టె మూలలు ఏం చేశారు?"

బేకరీ తలుపు మూసుకోకముందే అడిగిందామె. ఒక చేతిలో తడిసిన గొడుగు, రెండో చేతిలో పొద్దున్న కొన్న రొట్టె. గొడుగులోంచి నీళ్లు నేల మీదికి, కళ్లలోంచి నిప్పులు అతని మీదికి.

పిండి కలుపుతున్న అతను తలెత్తాడు. మాటల్లో మహా పిసినారి కాబట్టి వీధిలో అందరూ అతన్ని పొదుపు అని పిలుస్తారు. పేరుకి తగ్గట్టే ఒక్క మాట అన్నాడు.

"మూలలా?"

"మూలలే. నిన్నటిదాకా నాలుగూ కోసుగా ఉండేవి. ఇవాళ చూడండి, దిండులా ఎలా ఉందో!"

"కొత్త టిన్ను. పాతది తుప్పు పట్టింది."

"మీకు టిన్ను మారింది. మా పాపకి తిండి పోయింది."

గల్లా దగ్గర కూర్చున్న అతని తల్లి ఊరుకోలేదు. కొడుకు పొదుపు చేసిన మాటలన్నీ ఖర్చు పెట్టేది ఆవిడే. "రుచి అదే కదమ్మా! మూలల్తో పనేంటి? ఇంటికి వాస్తు చూస్తారు గానీ రొట్టెకి కూడానా?"

ఆమె కోపం ఒక్కసారిగా దిగిపోయింది. అక్కడున్న స్టూలు మీద కూలబడింది.

"నేను పిల్లల ఆసుపత్రిలో డైటీషియన్నండీ. ఎవరేం తినాలో ఊరందరికీ చెప్తాను. మా పాప పిట్ట మాత్రం నా మాట వినదు. దానికి ఆటిజం. పాలు, అరటిపండు, ఈ రొట్టె, అంతే తినేది. ముందు నాలుగు మూలలూ తింటుంది, తర్వాత మధ్యలోకొస్తుంది. మూల లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో దానికి తెలీదు. పొద్దుట్నుంచి ముక్కని తిప్పుతూ కూర్చుంది."

ఈ మాట విన్నవాళ్లు నవ్వుతారు, లేదా రెండు తగిలిస్తే అదే తింటుందని సలహా ఇస్తారు. అతను రెండూ చెయ్యలేదు. చేతులు కడుక్కుని పెరట్లోకి వెళ్లాడు. అక్కడ పాత టిన్నులో తల్లి నిన్ననే మార్చి నాటిన పుదీనా పచ్చగా ఊగుతోంది.

"ఒరేయ్! నా పుదీనారా!"

పుదీనా కుండీలోకి మారింది. తుప్పు రాలేదాకా టిన్నుని తోమాడు, నిప్పుల మీద కాల్చాడు. సాయంత్రానికి నాలుగు మూలలతో రొట్టె బయటికొచ్చింది.

మర్నాడు ఆమె తలుపులోంచే చెప్పింది. "తింది!"

"ఊఁ."

"మీ పొదుపు నాకూ అంటుకుందండోయ్," అని నవ్వింది.

ఆ రోజు బన్నుల్లో ఉప్పు రెండుసార్లు పడింది. ఎందుకో వీధికి తెలియదు, అతనికి తెలుసు. 'మా పాప' అని ఆమె అన్నది గుర్తొచ్చి, ఇంకొకరి ఇంటి దీపమని తనకి తనే చెప్పుకుని, మొహం ఓవెన్ వైపు తిప్పుకున్నాడు. ఆమె రోజూ వచ్చేది. అతను రోజూ ఓవెన్ వైపు తిరిగేవాడు.

ఒకరోజు రొట్టె అందుకుంటూ ఆమె దిగులుగా అంది. "పిట్టకి రక్తం బాగా తగ్గిందట. ఈ మూడింటితో ఐరన్ ఎక్కడ సరిపోతుంది?"

అతను ఆ రాత్రంతా ఆలోచించి, పొద్దున్న పిట్ట రొట్టెలో గుడ్డు సొన గిలక్కొట్టి, మైదాలో కాస్త ముడి గోధుమపిండి కలిపాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడం అతనికి అలవాటు లేదు కదా.

ఆ మధ్యాహ్నం ఆమె గొడుగు లేకుండానే వానలో వచ్చింది.

"ఏం కలిపారు?"

"గుడ్డు... గోధుమపిండి. బలమని."

"పిట్ట నోట్లో కూడా పెట్టుకోలేదు. వాసన చూసి నెట్టేసింది. ఇప్పుడు మీ రొట్టె కనిపిస్తేనే లేచి వెళ్లిపోతోంది! తెలీకుండా ఏదీ కలపొద్దని తల్లులందరికీ గొంతు చించుకుని చెప్తాను, ఉన్న ఒక్క తిండీ చేజారుతుందని. ఇలాగే ఉంటే ముక్కులోంచి ట్యూబు వెయ్యాలంటున్నారు డాక్టరు." ఆమె మొహం మీద వాన నీళ్లేవో, కన్నీళ్లేవో తెలియడం లేదు.

తల్లి ఆమెకి తువ్వాలు అందించింది.

"తీసుకురండి," అన్నాడతను.

"ఎవర్ని?"

"పాపని. ఏం కలుపుతానో తనే చూస్తుంది."

మర్నాడు ఆమె పిట్ట చెయ్యి పట్టుకుని వచ్చింది. తలుపు గంట మోగలేదు. దానికి గుడ్డ చుట్టి ఉంది. పిండి యంత్రం ఆపేసి ఉంది. పాప శబ్దానికి చెవులు మూసుకుంటుందని ఎప్పుడో మాటవరసకి ఆమే అంది. ఈ మనిషి వినలేదనుకుంది.

అయినా పిట్ట రెండు చెవులూ మూసుకునే నిలబడింది. అతను పలకరించలేదు, బుజ్జగించలేదు. ఒక్కొక్కటే ఎత్తి చూపించి గిన్నెలో వేశాడు.

"మైదా."

కాసేపు ఆగి, "నీళ్లు."

"ఉప్పు."

"ఈస్ట్."

ఖాళీ చేతులు తిప్పి చూపించాడు. "అంతే."

పిట్ట చేతులు మెల్లగా చెవుల మీంచి దిగాయి. అది చూసి ఆమెకి ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో ప్లేటు ముందు తనెంత ప్రచారం చేస్తుంది! తిను బంగారం, బలమమ్మా, ఒక్క ముక్క... ఆ మాటల హోరుకే పాప చెవులు మూసుకుందేమో.

పిట్ట ఆమె చెయ్యి పట్టి గుంజింది. "పిన్నీ. అంతే."

అతని చేతిలోంచి పిండి డబ్బా జారింది.

"పిన్నా?" తల్లి గల్లా వదిలేసి వచ్చింది. "నువ్వు దాని అమ్మవి కాదూ?"

"అక్క కూతురండీ. అక్క నర్సు, నైట్ డ్యూటీ. ఆసుపత్రి పని పోగా పగలు డ్యూటీ నాది."

"అయితే నీకింకా పెళ్లి..."

"అమ్మా!"

అతను అంత గట్టిగా అరవడం ఆ గోడలు కూడా ఎప్పుడూ వినలేదు. పిట్ట మళ్లీ చెవులు మూసుకుంది. పిన్ని మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

రొట్టె పొంగుతుంటే ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి చూసింది పిట్ట. చల్లారాక వాసన చూసింది. ఒక మూల కొరికింది.

తర్వాత రోజూ వచ్చారు. మంచి బట్టల్తోనే పిండి నేల మీద పాప పక్కన చతికిలబడేది ఆమె. ప్లేటులో కొత్తది ఒక్కటే పెట్టేది, కాస్త ఉడికించిన గుడ్డో, వేలెడు క్యారెట్టో. "తినక్కర్లేదు పిట్టా. చూడొచ్చు. వాసన చూడొచ్చు. వద్దంటే నెట్టెయ్, ఎవరూ కోప్పడరు." పాప నెట్టేసేది. ఆమె "సరే" అని తీసేసేది. మర్నాడు మళ్లీ అదే ప్లేటు, అదే మాట, అదే మెత్తని గొంతు. పిండి పిసుకుతూ వినేవాడతను. నేలతల్లికి కూడా ఇంత ఓర్పు ఉంటుందా అనిపించేది.

ముడి గోధుమపిండి ఈసారి దొంగతనంగా రాలేదు. పిట్టే చెంచాతో వేసింది, రోజుకి చిటికెడు పెంచుతూ. సాయంత్రం వెలుతురు దిగినట్టు, ఎవరికీ తెలియకుండా రొట్టె రంగు మారింది. గుడ్డు ఇంకా ప్లేటు అంచునే ఉంది. అయినా వానాకాలం చివర్లో ఆమె పరుగెత్తుకుంటూ వచ్చింది.

"పెరిగింది! పిట్టకి రక్తం పెరిగింది! ట్యూబు అక్కర్లేదన్నారు!"

తల్లి ఆమెని కావలించుకుంది. అతను లోపలికి వెళ్లి ఒక ప్లేటు తెచ్చాడు. అందులో అరచేతిలో పట్టేంత చిన్న రొట్టె, నాలుగు మూలలూ కోసుగా. ఆమె ముందు పెట్టాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏప్రాన్‌కి తుడుచుకున్నాడు.

"తినక్కర్లేదు," అన్నాడు. "చూడొచ్చు. వద్దంటే నెట్టెయ్యొచ్చు. ఎవరూ కోప్పడరు."

"ఏయ్, అది నా డైలాగ్!"

"ఊఁ."

"ఇంతకీ ఏం కలిపారు ఇందులో?"

అతను ఖాళీ చేతులు తిప్పి చూపించాడు. "ఉన్నదంతా. నా దగ్గర ఇంకేం లేదు."

బయట వాన పెరిగింది. ఆమె తల వంచుకుని ప్లేటుకేసి చూస్తూ ఉండిపోయింది. తల్లి గల్లా డబ్బాలో చిల్లర అనవసరంగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి మార్చింది. 

ఓవెన్ దగ్గర్నుంచి పిట్ట వచ్చింది. ప్లేటుని చూసింది, పిన్నిని చూసింది.

"పిన్నీ. తినక్కర్లేదు," అంది భరోసాగా.

"తింటానే పిట్టా," అంది పిన్ని. "ఇది తింటాను."

రొట్టె అందుకుని, మూల నుంచి మొదలుపెట్టింది.