వసపిట్ట నోరు విప్పిన ఆట

చదరంగం పోటీ సెమీఫైనల్లో దర్జీ తాత ఏనుగును ముందుకు జరిపి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఎత్తు వేశాక పక్కనున్న గడియారం మీట నొక్కడం మాత్రం మరిచిపోయాడు.

ఎదురుగా కూర్చున్న వసపిట్ట అది చూసింది. వాగుడు ఆపదని ఐదో తరగతి వాళ్లంతా కలిసి ఆ పిల్లకు పెట్టిన పేరది. దారినపోయేవాళ్ల చెప్పు తెగినా చెప్పకుండా ఉండలేదు. అలాంటిది ఈసారి పెదవి విప్పలేదు!

ఎందుకంటే ఆట ఆమె చేజారిపోయింది. ఇంకో రెండు ఎత్తుల్లో ఆమె రాజుకు ఆట కట్టు. గెలిస్తేనేమో ఫైనల్. మీట నొక్కకపోతే తాత టైమే అయిపోతూ ఉంటుంది. ఆయనకు మిగిలింది నాలుగు నిమిషాలే.

వసపిట్ట బుగ్గన చెయ్యి పెట్టుకుని, తెగ ఆలోచిస్తున్నట్టు నటించింది.

"తొందరేం లేదమ్మా, నిదానంగా ఆలోచించుకో" అన్నాడు తాత.

ఆమె చెవులు వేడెక్కాయి. అయినా కదల్లేదు.

గడియారం కుయ్యిమంది. "తాతగారి టైం అయిపోయింది. పాప గెలిచింది" అన్నారు రిఫరీ సార్.

తాత తెల్లబోయాడు. "అయ్యో, మరీ నత్తలా ఆడినట్టున్నాను. నలభై ఏళ్లు మా అన్నయ్యతో గడియారం లేకుండానే ఆడాను మరి. ఈ పోటీకి ఇద్దరి పేర్లూ ఆయనే ఇచ్చాడు. పోయిన నెల కాలం చేశాడు. ఆయన ఫోటో పక్కన కప్పు పెడదామనుకున్నా."

కళ్లు తుడుచుకుని, "ఫైనల్ బాగా ఆడు తల్లీ. నేనూ చూస్తాను" అన్నాడు.

వసపిట్టకు ఏడుపు తన్నుకొచ్చింది. చెప్పేద్దామనుకుంది. కానీ తల వంచుకుని పావులు సర్దింది.

ఫైనల్లో ఆమెకు ఎదురైనవాడు కళ్లజోడు కుర్రాడు. గుర్రంతో చెక్ చెప్పి, ఆ సంబరంలో మీట నొక్కడం మరిచిపోయాడు.

వసపిట్ట మీట వైపు చూసింది. చెబితే కప్పు పోవచ్చు. పోతే పోయింది. కానీ వెనకే తాత కూర్చుని ఉన్నాడు. చెబితే ఆయనకు అంతా తెలిసిపోతుంది.

"నువ్వు మీట నొక్కలేదు. నీ టైం పోతోంది" అంది.

కుర్రాడు నాలుక కరుచుకుని నొక్కాడు.

"అంటే... ఇందాక నేను కూడా..." వెనక తాత గొంతు ఆగిపోయింది.

వసపిట్ట వెనక్కి తిరిగింది. "అవును తాతా. నేను చూశాను. చూసి కూడా చెప్పలేదు." కన్నీళ్లు బొటబొటా కారాయి.

తాత గడియారం వైపు చూశాడు. తర్వాత మెల్లగా, "ఇప్పుడు నీ టైం పోతోంది. ఆడు" అన్నాడు. ఈసారి తల్లీ అనలేదు.

వసపిట్ట కళ్లు తుడుచుకుని, రాజును ఒక గడి పక్కకు జరిపింది. మీట నొక్కింది.