ఒక్కో పార్టు, ఒక్కో వారం

"మూత తీస్తే మీకే ఇబ్బందండి," అంది ఆ అమ్మాయి, పాత చీరలో చుట్టి తెచ్చిన సీపీయూని నా బల్ల మీద పెడుతూ.

కంప్యూటర్లు రిపేరు చేసేవాడికి చెప్పే మాటేనా అది? నాకు పౌరుషం వచ్చింది. స్క్రూలు విప్పి మూత లాగేశాను.

అంతే. ఇద్దరికీ ఒకటే తుమ్ములు. కళ్లు మండి నీళ్లు కారిపోతున్నాయి. లోపల ఫ్యాను మీదా బోర్డు మీదా ఎర్రగా కారం దుమ్ము పేరుకుపోయి ఉంది.

"చెప్పానా? మా అమ్మ మిరపకాయలకి తొడిమలు తీస్తుందండి. ఉన్నది ఒక్కటే గది."

"ఇందులో ఓ వంకాయ వేస్తే కూర అయిపోతుందండీ," అన్నాను.

ఆమె నవ్వింది. గుంటూరు బ్రాడీపేటలో పొద్దుటి నుంచీ ముసురు. దిగులుగా ఉన్న నా షాపులో ఆ వారానికి అదొక్కటే నవ్వు.

పేరు రెబ్కా. ఊరు ప్రత్తిపాడు. పత్తి జిన్నింగు మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేసిన వాళ్ల నాన్న, పదేళ్ల కిందట ఒక్కో పార్టూ కొని ఆ కంప్యూటర్ బిగించాడట. పోయినేడు ఆయన చనిపోయాడు.

"కొత్తది తీసుకోవచ్చు కదండీ?"

"నాన్న బిగించారండి. చేయగలిగితే చేయండి, లేకపోతే మూత పెట్టి ఇచ్చేయండి," అంది కోపంగా. వెంటనే గొంతు తగ్గించింది. "ఇవాళ్టి నుంచి మూడో గురువారం నాకు ఆన్‌లైన్ టెస్టుంది. ఇంట్లోంచి చేసే ఉద్యోగం. వస్తే అమ్మ చేత ఈ తొడిమల పని మాన్పించేస్తాను. దగ్గి దగ్గి చిక్కిపోయిందండి."

మార్చాల్సినవి మూడు. హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేయాలి. ర్యామ్ పెంచాలి. లోపలికి కరెంటు ఇచ్చే ఎస్ఎంపీఎస్ డబ్బా అయితే చేయి పెడితే కాలుతోంది, దాని ఫ్యాను ఆగి ఆగి తిరుగుతోంది. అది నేను మొదటి రోజే చూశాను.

"పాతదానికి అన్నీ ఒకేసారి మార్చకూడదండి. ఒక్కోటి మార్చి, ఆన్ చేసి చూసుకోవాలి. అప్పుడే తేడా ఎక్కడొచ్చిందో తెలుస్తుంది," అన్నాను.

అందులో అబద్ధమేమీ లేదు. కాకపోతే ఆ మొత్తం పనికి ఒక పూట చాలు. నేను మూడు వారాలు చెప్పాను.

మొదటి శనివారం ఎస్ఎస్‌డీ అయింది. రెండో శనివారం ర్యామ్ తనే పెడతానంది.

"ముందు ఈ ఇనప బాడీని ముట్టుకోండి. ఒంట్లో కరెంటుంటే పోతుంది."

"నా ఒంట్లో కరెంటా?"

"ఉందండి. నాకు తగులుతూనే ఉంది."

ఆమె గబుక్కున వాన వైపు చూసింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ర్యామ్ టక్కుమని కూర్చుంది.

"ఇంకేమైనా మార్చాలా?"

"ఎస్ఎంపీఎస్. వచ్చే శనివారం చూద్దాం. టెస్టుకి ఇది చాలులెండి."

మూడో శనివారం సీపీయూ మోసుకుని, తడిసి ముద్దయి వచ్చింది. మొహం తుడుచుకోలేదు.

"టెస్టు మొదలైన ఇరవై నిమిషాలకి ఆగిపోయిందండి. కాలిన వాసన. ఆరు నెలల దాకా మళ్లీ రాయనివ్వరంట." సీపీయూని బల్ల మీద పెడుతూ అంది, "మీరు మాత్రం ఏం చేస్తారు పాపం. నాన్నకి తెలిసినంతలో బిగించారు."

ఊరుకుంటే సరిపోయేది. చనిపోయిన మనిషి మీదికి నింద పోయేది, నేను మంచివాడిగా మిగిలిపోయేవాణ్ణి.

"తప్పు మీ నాన్నగారిది కాదండి. నాది. ఆ ఎస్ఎంపీఎస్ పోయేలా ఉందని నాకు మొదటి రోజే తెలుసు. మీరు ఇంకోసారి వస్తారని ఆపాను. మీరంటే నాకు ఇష్టం."

ఆమె సీపీయూని తన వైపు లాక్కుంది.

"నిన్న అమ్మ ఇంకో బస్తా కాయలు దింపించుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు," అంది. "స్క్రూడ్రైవర్ ఇవ్వండి."

కొత్త ఎస్ఎంపీఎస్ తనే బిగించింది. ఏ వైరు ఎక్కడో అడిగినప్పుడు తప్ప నా వైపు చూడలేదు. కంప్యూటర్ చక్కగా ఆన్ అయింది. నాకు ఏడుపొచ్చింది.

గుమ్మం దగ్గర ఆగి అంది, "రేపు చర్చి అయ్యాక మా ఇంటికి రండి. ఇప్పుడు చెప్పిందంతా మా అమ్మకి చెప్పండి. ముందు టెస్టు సంగతి. రెండో సంగతి ఆవిడ కూర్చోమంటేనే."

వెళ్లాను. నిలబడే చెప్పాను. వాళ్లమ్మ తల ఎత్తకుండా తొడిమలు తీస్తూ విన్నది. మధ్యలో దగ్గింది.

"ఆరు నెలలంట కదా?"

"అవునండి."

"అయితే ఆరు నెలలూ ఆదివారం ఆదివారం వచ్చి నువ్వూ తియ్యి. కూర్చో."

రెబ్కా ఇంకో చాట తెచ్చి నా ముందు పెట్టింది. పెట్టి, వాళ్లమ్మ పక్కన కాకుండా, నా ఎదురుగా కూర్చుంది.