పన్నెండో జాకెట్

“కళ్లు నా మొహం మీద పెట్టి మాట్లాడండి టైలర్ గారూ!”

నది మధ్యలో కోచ్ కసురుకు టైలర్ తన పాడిల్ బోర్డు మీద కూర్చున్న చోటే తూలాడు. పాపం, అతను చూస్తున్నది ఆమెను కాదు, ఆమె వేసుకున్న లైఫ్ జాకెట్‌ని. ఎడమ చంక కింద, బెల్టు కలిసే చోట, తెల్లదారం ఉందా లేదా అని. ఆ సంగతి పైకి చెప్పే ధైర్యమేదీ?

అసలు జరిగిందేమిటంటే, నది ఒడ్డున పాడిల్ బోర్డులు అద్దెకిచ్చి, వాటి మీద నిలబడి తెడ్డు వేయడం నేర్పే ఈ అమ్మాయి పోయిన వారం పన్నెండు జాకెట్లు తెచ్చి అతని షాపులో పడేసింది. పాత బెల్టులు తీసి కొత్తవి కుట్టాలి. పదకొండు కుట్టాడు. పన్నెండోదాని దగ్గర మెషిన్ సూది టప్పున విరిగింది. కొత్త సూది తెచ్చేదాకా బెల్టు జారకుండా తెల్లదారంతో నాలుగు కచ్చాకుట్లు వేసి పెట్టాడు. సరిగ్గా అప్పుడే ఆమె గుమ్మంలోకి వచ్చింది.

“ఆదివారం నదికి వస్తారా? మా నాన్న కూడా వస్తారు. ఆయనకి మిమ్మల్ని చూపించాలి.”

ఇంకేముంది, మతి పోయింది. పన్నెండూ మూటగట్టి నవ్వుతూ ఆమె చేతిలో పెట్టేశాడు. ఇదిగో, ఇప్పుడు నది మధ్యకొచ్చి తన బెల్టు సర్దుకుంటుంటే ఆ కచ్చాకుట్లు గుర్తొచ్చాయి.

“అది కాదండీ… మీ జాకెట్…”

“జాకెట్‌కేమైంది?”

“బాగుంది. మీకు చాలా బాగుంది.”

“ఓహో!” ఆమె ముక్కు ఎర్రబడింది. “ఎదురుగా నాన్న ఉన్నారు, కాస్త బుద్ధిగా ఉంటారా? ఒక్క కుట్టు కూడా తప్పని మనిషని ఆయనకి మీ గురించి గొప్పగా చెప్పుకున్నాను.”

ఆ మాటతో ఉన్న కాస్త ధైర్యమూ నీరుగారిపోయింది.

ఆమె విసురుగా బోర్డు తిప్పుకుంది. అప్పుడు కనిపించింది ఆ చంక కింద వరుస తప్పని నల్లటి మెషిన్ కుట్టు. హమ్మయ్య! తను వేసుకున్నదీ బాగానే ఉంది. తొమ్మిది జాకెట్లు ఒడ్డున షెడ్డులోనే ఉన్నాయి. అందులోనే ఉండి ఉంటుంది, ఉండాలి, దేవుడా, అందులోనే ఉండాలి అనుకుంటూ ముందుకు చూశాడు.

ముందు బోర్డు మీద ఆమె నాన్నగారు. రిటైరైన బస్ డ్రైవరు. ఈత రాదు. కూతురు బతిమాలితే ఇవాళే మొదటిసారి నీళ్లలోకి దిగారు. మోకాళ్ల మీద కూర్చుని, స్టీరింగు తిప్పినంత దర్జాగా తెడ్డు వేస్తున్నారు. ఆయన చెయ్యెత్తగానే చంక కింద తెల్లగా మెరిసింది.

అదే తెల్లదారం. ఎదురుగా వంతెన. దాని కింద రెండు నిలువుల లోతుందని కోచే చెప్పింది. ఇప్పుడు నోరు విప్పితే ఈ అమ్మాయి మళ్లీ షాపు గడప తొక్కదు, ఆ పెద్దాయన ఇంటి గడప తొక్కనివ్వరు. వంతెన దాటేదాకా ఆయన ఇలాగే కూర్చుంటే చాలు, ఎవరికీ తెలియకుండా పోతుంది.

“అమ్మాయ్! చూడు, నేనూ నిలబడతా!” అంటూ ఆయన ఒక కాలు మోపారు.

“అంకుల్, లేవకండి!” టైలర్ గొంతు చించుకున్నాడు. “కూర్చోండి! మీ జాకెట్ బెల్టు నేను సరిగ్గా కుట్టలేదు! కచ్చాకుట్లు వేసి మర్చిపోయాను! తప్పు నాది!”

ఆయన దబ్బున కూర్చున్నారు. ఆమె టైలర్ వైపు ఒక్క చూపు చూసి, తెడ్డు విసురుకుంటూ నాన్న దగ్గరికి దూసుకుపోయింది. వెనకాలే వెళ్లబోయి టైలర్ నీళ్లలో పడ్డాడు. తాను గట్టిగా కుట్టిన బెల్టే తనని తేల్చింది. ఆ సంతోషం అనుభవించే తీరిక మాత్రం లేదు.

ఒడ్డుకు చేరాక పెద్దాయన బెల్టు పట్టుకుని కాస్త లాగారు. ఊడి చేతికొచ్చింది.

“ప్రతి జాకెట్టూ లాగి చూస్తాను నేను.” ఆమె టైలర్ వైపు తిరిగింది. “మీరు కుట్టారు కదా అని ఈసారి చూడలేదు. నా చేతులతో నాన్నకి తొడిగాను.”

టైలర్‌కి ఏడుపొక్కటే తక్కువ.

“ఎప్పుడు గుర్తొచ్చింది?” పెద్దాయన అడిగారు.

“నది మధ్యలో అంకుల్.”

“వెంటనే చెప్పలేదేం?”

“చెబితే మీ అమ్మాయి నాకు దక్కదని భయమేసింది.”

“మరెందుకు చెప్పావు?”

“మీరు లేచి నిలబడబోయారు.”

ఆయన ఊడిన బెల్టును చేతికి చుట్టుకున్నారు.

“నేను బస్సు నడిపిన ముప్పై ఏళ్లలో ‘అంతా ఓకే’ అని సంతకం పెట్టిన మెకానిక్కులే అందరూ. బ్రేకు బిగించడం మర్చిపోయానని పరిగెత్తుకొచ్చి బస్సుకి అడ్డం నిలబడ్డవాడు ఒక్కడే. ఆ తర్వాత వాడు చూడని బస్సు నేనెక్కలేదు,” అన్నారు.

“నాన్నా, మీరప్పుడే కరిగిపోకండి!” ఆమె కళ్లు తుడుచుకుని టైలర్ వైపు తిరిగింది. “పన్నెండూ మళ్లీ చూడాలి. ప్రతి కుట్టూ, నా ఎదురుగా కూర్చుని. ఎన్ని రోజులు పడుతుంది?”

ఇక ఈ జన్మలో ఆమె దగ్గర ఏదీ దాచకూడదని అతను ఒట్టు పెట్టుకున్నాడు.

“నిజం చెప్పాలంటే… ఒక్క పూట పనండీ.”

పెద్దాయన నెత్తి కొట్టుకున్నారు. ఆమె తడికళ్లతోనే విసుక్కుంది.

“దీనికి మాత్రం నిజం ఎవరు చెప్పమన్నారు మిమ్మల్ని?”